కరిగించి వేరుచేసే విద్య: కలగలుపు ప్లాస్టిక్ చెత్తకు ద్రావణుల చరిత్ర

వాడి పారేసిన ప్లాస్టిక్‌లో పనికొచ్చే పదార్థం ఎంత ఉన్నా, రకరకాల ప్లాస్టిక్‌లు కలిసిపోయి ఉన్నంతకాలం దానికి మార్కెట్లో విలువ ఉండదు. పాల సంచీ పాలిథిలీన్‌తోనూ, మంచినీళ్ల సీసా పెట్ అనే పాలియెస్టర్‌తోనూ, కరెంటు తీగ మీది తొడుగు పీవీసీతోనూ, టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్ పాలిస్టైరీన్‌తోనూ తయారవుతాయి. ఇవన్నీ రసాయనికంగా వేరువేరు పదార్థాలు కాబట్టి, అన్నింటినీ ఒకే కొలిమిలో వేసి కరగబెడితే చల్లారాక మిగిలేది పెళుసుగా విరిగే ముద్దే తప్ప ఏ ఒక్కదాని గుణమూ నిలుపుకున్న సరుకు కాదు. ఈ కలగలుపును విడదీయడానికి శాస్త్రజ్ఞులు వెతికిన మార్గాల్లో ఒకటి ద్రావణుల మార్గం: ఒక్కో రకం ప్లాస్టిక్‌ను తనలో కరిగించుకోగల ద్రవాన్ని, అంటే ద్రావణిని, ఎంచుకుని, ఆ రకాన్ని మాత్రమే అందులో కరిగించి, కరగనిదాన్ని వడకట్టి, ఆ తర్వాత ద్రావణిని తొలగించి ప్లాస్టిక్‌ను తిరిగి గట్టి పదార్థంగా రాబట్టడం. ఈ మార్గం చరిత్రను మొదటినుంచీ పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: కరిగించి వేరుచేసే రసాయన విజ్ఞానం చాలాకాలం కిందటే చేతికందింది, దాని మీద ఆధారపడి కట్టిన ఫ్యాక్టరీల తలరాతను నిర్ణయించింది మాత్రం వాటి గేటు దాటి లోపలికి వచ్చిన చెత్త స్వభావం, ఆ చెత్తను పోగుచేయడానికి అయిన ఖర్చు.

ప్లాస్టిక్ పరిశ్రమ పుట్టుకే ద్రావణులతో ముడిపడి ఉంది. 1846లో బాసెల్ నగరంలో క్రిస్టియన్ షోన్‌బైన్ పత్తిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో కలిపి నైట్రోసెల్యులోజ్‌ను తయారుచేసిన కొద్దికాలానికే, అది ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరుగుతుందనీ, ఆ ద్రవం ఆరితే పారదర్శకమైన పొరగా మిగులుతుందనీ తెలిసింది. 1862 లండన్ ప్రదర్శనలో అలెగ్జాండర్ పార్క్స్ ప్రదర్శించిన పార్క్‌సీన్, ఆ తర్వాత అమెరికాలో జాన్ వెస్లీ హయత్ కర్పూరం కలిపి రూపొందించిన సెల్యులాయిడ్ ఈ నైట్రోసెల్యులోజ్ నుంచే వచ్చాయి. సెల్యులాయిడ్ సినిమా ఫిల్ముగా మారాక, ఆడి అరిగిపోయిన ప్రతుల మీది జెలటిన్ పూతను కడిగి అందులోని వెండిని తీసుకోవడం, మిగిలిన పొరను ద్రావణుల్లో కరిగించి వార్నిషులకూ లక్క రంగులకూ వాడుకోవడం ఒక వ్యాపారంగా స్థిరపడింది. వాడిన ప్లాస్టిక్‌ను కరిగించి మళ్లీ వాడుకునే పద్ధతికి తొలి రూపాల్లో ఇదొకటి. ఈ వ్యాపారం వల్ల పోయినదీ తక్కువ కాదు. పాత ఫిల్ములను వెండి కోసం అమ్మివేయడం మన దేశపు తొలితరం చిత్రాలు కనుమరుగు కావడానికి గల కారణాల్లో ఒకటి. 1932లో విడుదలైన తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి కూడా ఈనాడు లభ్యం కాదు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో సెల్యులోజ్ అసిటేట్ పరిశ్రమ మరో పాఠం నేర్పింది. అసిటోన్‌లో కరిగించిన ఈ పదార్థాన్ని సన్నని రంధ్రాల గుండా వేడిగాలిలోకి నెడితే అసిటోన్ ఆవిరైపోయి కృత్రిమ పట్టు దారం మిగులుతుంది. దారం కంటే ఎక్కువ బరువున్న అసిటోన్ గాలిలో కలిసిపోతే ఆ ఫ్యాక్టరీ నిలబడదు కాబట్టి, ఆవిరిని పట్టి, తిరిగి ద్రవంగా మార్చి, మళ్లీ వాడుకునే ఏర్పాటు దారం తీసే యంత్రంతో సమానమైన ప్రాముఖ్యం సంపాదించుకుంది. ద్రావణితో చేసే ఏ పనికైనా, ఆ ద్రావణి ఎంతవరకు వెనక్కి వస్తుందన్నదే లాభనష్టాలను తేలుస్తుందన్న ఈ నియమం ఈనాటి ప్లాస్టిక్ పునర్వినియోగానికీ యథాతథంగా వర్తిస్తుంది. తవుడు నుంచి హెక్సేన్ అనే ద్రావణితో నూనె తీసే ఫ్యాక్టరీలను గోదావరి జిల్లాల్లో చూసినవారికి ఈ లెక్క కొత్త కాదు. అక్కడ కూడా అదే హెక్సేన్ నిరంతరం తిరుగుతూ ఉంటేనే నూనె గిట్టుబాటవుతుంది.

ఏ ప్లాస్టిక్ ఏ ద్రావణిలో కరుగుతుందో ముందుగా చెప్పగలగడానికి సిద్ధాంతం కావలసి వచ్చింది. ప్లాస్టిక్‌లు వేలాది చిన్న అణువులు వరసగా ముడిపడిన పొడవాటి గొలుసులని 1920లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టాడింగర్ ప్రతిపాదించినప్పుడు తోటి శాస్త్రజ్ఞులు చాలామంది నమ్మలేదు. ఆయనకు నోబెల్ బహుమతి 1953లో గాని రాలేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జోయెల్ హిల్డెబ్రాండ్, ద్రవంలోని అణువులు ఒకదాన్నొకటి పట్టి ఉంచే బలాన్ని ఒక సంఖ్యగా లెక్కకట్టి, ఆ సంఖ్యలు దగ్గరగా ఉన్న పదార్థాలు పరస్పరం కరుగుతాయని చూపాడు. దీన్ని ద్రావణీయతా పరామితి అంటారు. 1967లో కోపెన్‌హేగెన్‌లో చార్లెస్ హాన్సెన్ తన పరిశోధన గ్రంథంలో ఈ ఒక్క సంఖ్యను మూడుగా విభజించి, అణువుల మధ్య పనిచేసే సాధారణ ఆకర్షణ, విద్యుత్ ధ్రువాల ఆకర్షణ, హైడ్రోజన్ బంధం అనే మూడింటినీ విడివిడిగా లెక్కించే పద్ధతిని ఇచ్చాడు. ఏ ద్రావణి ఏ ప్లాస్టిక్‌ను కరిగించి దేన్ని వదిలేస్తుందో పట్టిక చూసి అంచనా వేయడం దీంతో సాధ్యమైంది.

కలిసిన ప్లాస్టిక్‌లు ఎందుకు పనికిరాకుండా పోతాయో కూడా ఇదే కాలంలో అర్థమైంది. 1940ల ఆరంభంలో పాల్ ఫ్లోరీ, మారిస్ హగిన్స్ వేరువేరుగా రూపొందించిన సిద్ధాంతం ప్రకారం, చిన్న అణువులున్న రెండు ద్రవాలు కలిసేటప్పుడు ఆ అణువులు చెల్లాచెదురుగా సర్దుకోవడానికి లెక్కలేనన్ని మార్గాలు దొరుకుతాయి గనుక అవి తేలికగా కలుస్తాయి; పొడవాటి గొలుసులకు ఆ వెసులుబాటు చాలా తక్కువ గనుక, రెండు రకాల ప్లాస్టిక్‌లను కరగబెట్టి ఎంత కలియబెట్టినా అవి విడివిడి తునకలుగానే మిగిలిపోతాయి. ఆ తునకల మధ్య పట్టు ఉండదు కాబట్టి వస్తువు అక్కడే విరుగుతుంది. ఒక ప్లాస్టిక్‌లో మరో ప్లాస్టిక్ కొద్ది పాళ్లలో కలిసినా సరుకు చెడిపోవడానికి మూలకారణం ఇది.

1930ల నుంచి 1950ల మధ్య పాలిథిలీన్, పాలిస్టైరీన్, పీవీసీ, పెట్, పాలిప్రొపిలీన్ ఒకదాని వెంట ఒకటి మార్కెట్లోకి వచ్చి, తర్వాతి దశకాల్లో సరుకులు చుట్టే ప్రధాన పదార్థాలయ్యాయి. 2015 నాటికి ప్రపంచం తయారుచేసిన ప్లాస్టిక్ దాదాపు 830 కోట్ల టన్నులనీ, అందులో అప్పటికే చెత్తగా మారిన 630 కోట్ల టన్నుల్లో సుమారు 9 శాతమే పునర్వినియోగానికి నోచుకుందనీ 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కకట్టింది. ఆ కొద్దిపాటి పునర్వినియోగం కూడా చాలావరకు మనుషుల చేతుల మీదుగానే సాగింది. మన దేశంలో చెత్త ఏరుకునేవారూ, పాత సామాన్లు కొనేవారూ, గోదాముల్లో వేరుచేసే మహిళలూ వంచి చూసి, గోటితో గీరి, చప్పుడు విని, అవసరమైతే అంచు కాల్చి వాసన చూసి రకాన్ని గుర్తిస్తారు. ఆ తర్వాతి మెట్టు నీళ్ల తొట్టి: నీటికంటే తేలికైన పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ ముక్కలు పైకి తేలతాయి, బరువైన పెట్, పీవీసీ ముక్కలు అడుగుకు చేరతాయి. అయితే పైకి తేలిన రెండింటినీ, అడుగుకు చేరిన రెండింటినీ ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం నీటి తొట్టి వల్ల కాదు. పెట్, పీవీసీల సాంద్రతలు రెండూ ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాములకు దగ్గరగానే ఉంటాయి. పొరలు పొరలుగా అతికించిన కవర్ల విషయంలోనైతే చేతికిగాని నీటికిగాని చేయగలిగింది ఏమీ లేదు.

ఈ లోటును ద్రావణులతో పూరించే ప్రయత్నాలు 1970లలో అమెరికా ప్రయోగశాలల్లో మొదలై, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఉన్న రెన్సలేర్ పాలిటెక్నిక్ విద్యాసంస్థలో పరిణతి పొందాయి. అక్కడ బ్రూస్ నౌమన్, జెరోమ్ లించ్ రూపొందించి 1993లో పేటెంటు పొందిన పద్ధతిలోని ప్రత్యేకత ఏమిటంటే, రకానికొక ద్రావణిని వెతకకుండా ఒకే ద్రావణితో, ఉష్ణోగ్రతను మెట్లుమెట్లుగా పెంచుతూ వేరుచేయడం. వారు ఎంచుకున్నది జైలీన్. పెయింటు థిన్నర్లలో ఉండే పదార్థమే ఇది. ముక్కలు చేసిన కలగలుపు ప్లాస్టిక్‌ను ఒక పాత్రలో నింపి దాని గుండా జైలీన్‌ను పంపితే, మామూలు గది ఉష్ణోగ్రతలోనే పాలిస్టైరీన్ కరిగి ద్రావణితోపాటు బయటికి వస్తుంది. ఆ ద్రావణాన్ని పక్కకు తీసి, కొత్త జైలీన్‌ను సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గర పంపితే సంచుల తయారీకి వాడే తక్కువ సాంద్రత పాలిథిలీన్, 105 డిగ్రీల దగ్గర డబ్బాలకు వాడే ఎక్కువ సాంద్రత పాలిథిలీన్, 120 డిగ్రీల దగ్గర పాలిప్రొపిలీన్ వరసగా కరుగుతాయి. పెట్, పీవీసీ లాంటివి చివరికి మిగిలితే, వాటికి వేరే ఏర్పాటు చేయాలి.

ఈ వరస యాదృచ్ఛికం కాదు. పాలిస్టైరీన్ గొలుసులు ఏ క్రమమూ లేకుండా చుట్టుకుని ఉంటాయి కాబట్టి ద్రావణి వాటి మధ్యకు చొరబడి, ముందు వాటిని ఉబ్బించి, తర్వాత విడదీస్తుంది. పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ గొలుసులు కొంతమేరకు స్ఫటికాలుగా పేర్చుకుని ఉంటాయి. ఆ స్ఫటికాలు సడలితే గాని ద్రావణికి చోటు దొరకదు. కొమ్మలు ఎక్కువున్న గొలుసుల స్ఫటికాలు బలహీనం గనుక తక్కువ వేడికే సడలుతాయి, నిటారు గొలుసుల స్ఫటికాలకు ఎక్కువ వేడి కావాలి. అంటే ద్రావణి ఎంపిక ఎంత ముఖ్యమో, ఉష్ణోగ్రత ఎంపిక కూడా అంతే ముఖ్యమని ఈ పద్ధతి నిరూపించింది. అయితే ప్లాస్టిక్ కరిగిన ద్రావణం కొద్ది గాఢతకే తేనెలా చిక్కబడుతుంది. నూటికి పది పాళ్ల ద్రావణంతో పనిచేస్తే, కిలో ప్లాస్టిక్ కోసం తొమ్మిది కిలోల ద్రావణిని ఆవిరిచేసి తిరిగి చల్లార్చవలసి ఉంటుంది. నౌమన్ బృందం ద్రావణాన్ని ఒత్తిడిలో బాగా వేడిచేసి ఒక్కసారిగా ఖాళీ గదిలోకి వదిలి ద్రావణిని ఆవిరిగా ఎగరగొట్టే ఉపాయాన్ని వాడింది. ఉపాయం పారినా, ఇంధనం ఖర్చు, యంత్రాల ఖరీదు కలిపి చూస్తే అన్ని రకాలనూ వేరుచేసే ఫ్యాక్టరీ ముడిచమురుతో కొత్తగా చేసే చౌక ప్లాస్టిక్‌తో పోటీపడలేకపోయింది.

దాంతో పరిశోధకుల దృష్టి అన్నింటినీ ఒకేసారి విడదీయడం నుంచి ఒక రకం చెత్తను ఎంచుకోవడం వైపు మళ్లింది. 1990లలో జపాన్‌లోని సోనీ సంస్థ శాస్త్రజ్ఞులు నిమ్మ, నారింజ తొక్కల నూనెలో ఉండే లిమొనీన్‌తో థర్మోకోల్‌ను కరిగించే పద్ధతిని అభివృద్ధి చేశారు. థర్మోకోల్‌లో అత్యధిక భాగం గాలే గనుక దాన్ని లారీలో తరలించడమంటే గాలిని మోయడమే. లిమొనీన్‌లో కరిగితే గాలి పోయి పరిమాణం ఇరవయ్యో వంతుకు తగ్గుతుంది, వడకట్టి ద్రావణిని తీసేస్తే మంచి పాలిస్టైరీన్ మిగులుతుంది. కరిగించడం వేరుచేయడానికే కాక రవాణా భారాన్ని తగ్గించడానికీ ఉపకరిస్తుందని ఈ ప్రయోగం చూపింది.

పారిశ్రామిక స్థాయిలో అత్యంత ప్రసిద్ధికెక్కిన ప్రయత్నం ఇటలీలోని ఫెరారా నగరంలో బెల్జియం రసాయన సంస్థ సాల్వే నెలకొల్పిన వినైలూప్ ఫ్యాక్టరీ. 2002లో మొదలైన దీని సామర్థ్యం ఏటా సుమారు 10,000 టన్నులు. పీవీసీ పూత పూసిన పాలియెస్టర్ టార్పాలిన్లు, కరెంటు తీగల తొడుగులు దీనికి ముడిసరుకు. మిథైల్ ఇథైల్ కీటోన్ ప్రధానమైన ద్రావణిలో, మూసిన పాత్రలో, పీవీసీ మాత్రమే కరిగేది. మన ప్లంబర్లు పీవీసీ పైపులు అతికించడానికి వాడే సాల్వెంట్ సిమెంటులో ఉండేవి కూడా ఈ జాతి ద్రావణులే. కరగని పాలియెస్టర్ నారనూ, రాగి తునకలనూ వడపోతలో తీసేసి, మిగిలిన ద్రావణంలోకి నీటి ఆవిరిని పంపితే ద్రావణి ఎగిరిపోయి పీవీసీ సన్నని గుళికలుగా నీటిలో తేరుకునేది. ఎగిరిన ద్రావణిని చల్లార్చి తిరిగి వాడేవారు. సాంకేతికంగా ఈ ఫ్యాక్టరీ ఒకటిన్నర దశాబ్దం పనిచేసింది.

దాన్ని మూయించింది పీవీసీతోపాటు కరిగి వచ్చిన మరో పదార్థం. పీవీసీకి మెత్తదనం ఇవ్వడానికి ఒకప్పుడు విరివిగా కలిపిన డీఈహెచ్‌పీ అనే థాలేట్, సంతానోత్పత్తికి హానికరమని తేలడంతో ఐరోపా సమాఖ్య రసాయనాల చట్టం కింద 2015 నుంచి ప్రత్యేక అనుమతి లేనిదే వాడకూడని జాబితాలో చేరింది. ఇరవై, ముప్పై ఏళ్ల కిందట తయారైన తీగల తొడుగుల్లో ఆ పదార్థం దండిగా ఉంటుంది, వినైలూప్ ద్రావణి దాన్ని పీవీసీ నుంచి విడదీయదు. పాత వస్తువులోని దోషం కొత్త వస్తువులోకి చేరుతుందన్న అభ్యంతరానికి ఆ పద్ధతి దగ్గర జవాబు లేకపోయింది, 2018 జూన్‌లో ఫ్యాక్టరీ మూతపడింది.

ఆ జవాబును వెతికింది జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ. అక్కడ రూపొందిన క్రియాసాల్వ్ పద్ధతిలో ప్లాస్టిక్‌ను కరిగించి వడకట్టాక రెండో ద్రవాన్ని చేరుస్తారు. అది ప్లాస్టిక్‌ను మాత్రం అవక్షేపంగా కిందికి దించి, అనవసరమైన రసాయనాలను ద్రవంలోనే ఉంచేస్తుంది. భవనాల గోడలకు వేడి తగలకుండా అమర్చే థర్మోకోల్ పలకల్లో మంటలు అంటుకోకుండా కలిపిన హెచ్‌బీసీడీ అనే బ్రోమిన్ పదార్థాన్ని 2013లో స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం నిషిద్ధ జాబితాలో చేర్చింది కాబట్టి, దాన్ని తొలగించి పాలిస్టైరీన్‌ను రక్షించేందుకు నెదర్లాండ్స్‌లోని టెర్నోజన్‌లో ఈ పద్ధతితో 2021లో ఒక ఫ్యాక్టరీ ప్రారంభమైంది. రసాయనపరంగా వినైలూప్ విఫలమైన చోట ఇది నెగ్గింది. అయినా ఆర్థికంగా నిలదొక్కుకోలేక మరుసటి ఏడాదే దివాలా తీసింది. కూల్చిన భవనాల నుంచి పలకలను ఏరి, మట్టి దులిపి, ఫ్యాక్టరీకి చేర్చడం కూడా ఖర్చుతో కూడిన పనే.

భారతదేశానికి ఈ చరిత్ర దగ్గరయ్యేది సాషేల దగ్గర. 1980లలో కడలూరు నుంచి వచ్చిన చిక్ షాంపూ లాంటి సరుకులతో ఊపందుకున్న ఈ చిన్న పొట్లాలు, సీసా కొనలేని కుటుంబాలకు షాంపూనూ కాఫీపొడినీ అందుబాటులోకి తెచ్చాయి. తెలుగు పల్లెల్లో ఏ కిరాణా కొట్టు ముందు చూసినా ఇవి దండలుగా వేలాడుతుంటాయి. ఒక్కో పొట్లంలో పెట్, అల్యూమినియం, పాలిథిలీన్ పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి వీటిని కొనే పాత సామాన్ల వ్యాపారి ఉండడు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు పునర్వినియోగానికి పనికిరాని బహుళ పొరల ప్లాస్టిక్‌ను రెండేళ్లలో తొలగించాలని ఆదేశించినా, ఇంధనంగా మండించగలిగినవాటికి, వేరే ఉపయోగం ఉన్నవాటికి 2018 సవరణ మినహాయింపు ఇచ్చింది. ద్రావణులతో సాషేల నుంచి పాలిథిలీన్‌ను వేరుచేసేందుకు 2017లో యూనిలీవర్ ఇండోనేషియాలో క్రియాసాల్వ్ పద్ధతితో ఒక నమూనా ప్లాంటును ప్రకటించింది గాని, అది పెద్ద స్థాయికి ఎదగలేదు. గ్రాము బరువైనా లేని పొట్లాలను వేల ఊళ్ల నుంచి పోగుచేయడం ఏ రసాయన చర్యకంటే కష్టమైన పని.

పొరల కవర్ల మీద రసాయన విజ్ఞానం సాధించగలిగింది ఎంతో 2020లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ హ్యూబర్ బృందం ప్రచురించిన పరిశోధన చూపుతుంది. ఏ ద్రావణి ఏ పొరను కరిగిస్తుందో కంప్యూటర్ లెక్కలతో ముందే తేల్చుకుని, వారు వేడి టోలుయీన్‌తో పాలిథిలీన్‌నూ, ఆపైన డైమిథైల్ సల్ఫాక్సైడ్‌తో ఆక్సిజన్‌ను అడ్డుకునే ఈవీఓహెచ్ పొరనూ కరిగించి, చివరికి పెట్‌ను గట్టి పదార్థంగా మిగుల్చుకుని, మూడింటినీ దాదాపు పూర్తిగా రాబట్టారు. వారు వాడింది ఫ్యాక్టరీలో మిగిలిపోయిన శుభ్రమైన ఫిల్ము అన్న సంగతిని మరవకూడదు. మరోవైపు ఒహాయో రాష్ట్రంలోని ఐరన్‌టన్‌లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ పరిశోధనతో రూపుదిద్దుకుని 2023లో ఉత్పత్తి మొదలుపెట్టిన ప్యూర్‌సైకిల్ ఫ్యాక్టరీ, ఒత్తిడిలో ఉంచిన ద్రావణితో పాలిప్రొపిలీన్ నుంచి రంగునూ వాసననూ తొలగిస్తుంది. అక్కడ కూడా ముడిసరుకుతో కలిసివచ్చే పాలిథిలీన్ ఉత్పత్తికి ఆటంకంగా నిలిచింది.

ఈ మార్గానికి ఉన్న గట్టి సమర్థన ఏమిటంటే, ఇందులో ప్లాస్టిక్ గొలుసు తెగదు. ముడిచమురు నుంచి మోనోమర్‌ను, అంటే గొలుసుకు మూలమైన చిన్న అణువును, తయారుచేసి, నిల్వచేసి, గొలుసుగా మార్చడానికి అయిన శ్రమ అంతా వృథా కాకుండా నిలుస్తుంది. ఆ శ్రమలో ప్రమాదం కూడా ఉందని తెలుగు నేలకు తెలుసు: 2020 మే 7న విశాఖపట్నం శివారులోని పాలిస్టైరీన్ ఫ్యాక్టరీలో నిల్వ ఉంచిన స్టైరీన్ ఆవిరిగా లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. అలాగని ద్రావణులూ నిరపాయం కావు. జైలీన్, టోలుయీన్ మండే ద్రవాలు, ఒంటికి హాని చేసేవి. మందుల ఫ్యాక్టరీల ద్రావణులూ ఇతర వ్యర్థాలూ పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగును ఎలా పాడుచేశాయో, ఆ ఊళ్ల రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా ఎందుకు వెళ్లవలసి వచ్చిందో తెలిసినవారెవరూ ద్రావణిని తిరిగి పట్టుకునే ఏర్పాటును ఐచ్ఛికంగా వదిలేయరు.

ఈ చరిత్ర నుంచి తేలే నిర్ణయం ఒకటే. సినిమా ఫిల్ము, కవర్ల ఫ్యాక్టరీలో మిగిలిన తునకలు వంటివి, ఏమి కలిసి ఉందో తెలిసిన చెత్త, ఒకేచోట పెద్దమొత్తంలో దొరికినప్పుడు ద్రావణులు అద్భుతంగా పనిచేశాయి. ఏమున్నదో తెలియని చెత్త, ఎక్కడెక్కడి నుంచో పోగుచేయవలసి వచ్చినప్పుడు ఎంత మేధస్సు పెట్టినా చతికిలపడ్డాయి. కాబట్టి ద్రావణి ఉంది గదా అని అడ్డగోలుగా పొరలు అతికించడం తయారీదారులకు తగదు. కవరును ఒకే రకం ప్లాస్టిక్‌తో చేయడం, కలిపిన రసాయనాల వివరాలను దాచకుండా ప్రకటించడం, సేకరణ ఖర్చును తామే భరించడం వారి బాధ్యత. ఆ బాధ్యతను నిబంధనల్లో రాసి ఊరుకోకుండా అమలు చేయించడం ప్రభుత్వాల పని, తడి చెత్తనూ పొడి చెత్తనూ గుమ్మం దగ్గరే వేరుచేయడం ప్రతి ఇంటి పని. ఈ మూడూ జరిగిన చోట మాత్రమే ద్రావణుల విద్య ప్రయోగశాల దాటి నిలబడుతుంది.